చంటిపాపకు చోటు

పిల్లలూ!

ఈ నెల మీకు ఒక ప్రయాణం సంగతి చెబుతాను. అందులో నేను చేసిన ఒక తప్పు సంగతి కూడా వున్నది. మాస్టార్లు కూడా తప్పులు చేస్తారా అని ఆశ్చర్యపోకండి. చేస్తారు. మీ తప్పులను మేము ఎర్ర సిరాతో దిద్దుతాము. మా తప్పులను దిద్దేవారు వుండరు గనుక అవి చాలాకాలం అలాగే వుండిపోతవి.

సంక్రాంతి సెలవులకు మా అమ్మాయి పిల్లలను వెంటబెట్టుకుని మిర్యాలగూడకు వచ్చింది. పిల్లలు ముగ్గురు. పెద్ద మనవరాలు నాలుగో తరగతి. నడిమివాడికి రెండున్నర యేళ్లు. ఆఖరిది చంటిపిల్ల, దానికి యేడో నెల.

పండుగ వెళ్లిన మర్నాడు పెద్దది తన పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. అందులో నాగార్జునకొండ బొమ్మ వున్నది.

"తాతా! ఇది మన దగ్గర్నే ఉన్నదట గద. తీస్కపోతవా?" అన్నది.

నేను "సరే"నన్నాను. కాని మా యింటావిడ వొప్పుకోలేదు. "చంటిపిల్లతోని మ్యూజియమా? ఆ నడిమోడు ఒక్కచోట నిలుస్తడా? వాడు రాళ్లన్నీ పీకి పెడ్తడు," అన్నది.

మా అమ్మాయి వెంటనే, "మీరు పోయి రాండ్రి నాయినా. నేను వీళ్లిద్దరిని పట్టుకోని ఇంట్ల ఉంట," అన్నది. ఆ మాట ఆమె నవ్వుతూనే అన్నది. కాని పాప పుట్టినప్పటి నుంచి ఆమె ఆసుపత్రికి తప్ప మరెక్కడికీ వెళ్లలేదని నాకు తెలుసు.

పెద్దది పుస్తకం మూసేసింది. "అమ్మ రాకుంటే నేను గూడ రాను," అన్నది.

ఆ మాటతో నాకు ముప్ఫయి అయిదేళ్ల కిందటి ఒక తెల్లవారుజాము జ్ఞాపకం వచ్చింది.

అప్పుడు నేను పల్లెటూరి బడిలో ఉపాధ్యాయుణ్ణి. అయిదో తరగతి పిల్లలను నాగార్జునకొండకు తీసుకుపోవాలని బస్సు మాట్లాడాము. పిల్లలందరూ తలా పది రూపాయలు ఇచ్చారు. ఆ రోజు చీకటి వుండగానే బడి ముందర చేరారు. అందరికన్న ముందు వచ్చిన అమ్మాయి చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని వచ్చింది. వాడికి యేడాది కూడా నిండలేదు. వాళ్లమ్మ నాటు కూలికి వెళ్లింది. పిల్లవాణ్ణి చూసేవారు యింట్లో మరెవరూ లేరు.

"మ్యూజియం చంటిపిల్లలకు కాదమ్మా. వాడిని ఇంట్లో వదిలి రా. నీ కోసం ఆగుతాం," అన్నాను.

ఆమె సరేనని తల వూపి వెళ్లిపోయింది. మేము పావుగంట ఆగాము. ఆమె మళ్లీ రాలేదు. బస్సు కదిలింది.

మర్నాడు తరగతిలో పిల్లలంతా తాము చూసినవి చెబుతూవుంటే ఆ అమ్మాయి వెనక వరసలో కూర్చుని వింటున్నది. అందరూ చెప్పడం అయిన తర్వాత లేచి, "సార్! బుద్ధుడు ఎంత పొడుగుంటడు?" అని అడిగింది. నేను చెయ్యి పైకెత్తి చూపించాను. ఆమె నా చేతివంక చూసి కూర్చున్నది. పది రూపాయలు తిరిగి ఇచ్చేశాను. అంతటితో ఆ లెక్క తీరిపోయిందనుకున్నాను.

ఈ కథ మా అమ్మాయికీ, పెద్ద మనవరాలికీ ఆ రాత్రే చెప్పాను. చెప్పి, "అందరం పోదాం. చంటిది కూడా వస్తుంది," అన్నాను.

నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. అందుచేత శనివారం బయలుదేరాము. హాలియా మీదుగా వెళితే సాగర్ మాకు సుమారు గంటన్నర ప్రయాణం. దారిలో ఎడమ కాలువ కనిపించింది. దానికి లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టారు. మా మిర్యాలగూడ చుట్టుపక్కల వరి పండేది ఆ నీటితోనే. మా వూళ్లో అన్ని బియ్యపు మిల్లులు వెలిసింది కూడా ఆ నీటి చలవే.

"ఈ నీళ్లే తాతా, కొండను ముంచింది?" అని అడిగింది పెద్దది.

"కొండను కాదు, లోయను ముంచింది," అని ఆ కథ చెప్పాను. మీరు కూడా వినండి.

మూడువైపులా కొండలు, నాలుగోవైపు కృష్ణానది. మధ్యన ఒక లోయ. క్రీస్తు శకం 3వ, 4వ శతాబ్దాలలో అక్కడ విజయపురి అనే నగరం వుండేది. అది ఇక్ష్వాకు రాజుల రాజధాని. రాజులు వైదిక యజ్ఞాలు చేసేవారు. రాజకుటుంబంలోని స్త్రీలు బౌద్ధ స్తూపాలకూ, విహారాలకూ దానాలు చేసేవారు. రాజుగారి సోదరి చాంతిసిరి అక్కడి మహాచైత్యానికి దానం చేసినట్లు శాసనాలలో వున్నది. కాలక్రమాన నగరం పాడుపడి మట్టిలో కలిసిపోయింది.

మళ్లీ ఆ చోటును లోకానికి తెలియజేసింది ఎవరనుకున్నారు? ఒక బడిపంతులు! సూరపరాజు వెంకటరామయ్యగారు ఆ లోయలో ఒక పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. 1926లో ఆ స్థలం సంగతి పండితులకు తెలిసింది. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్ అనే ఇంగ్లీషు పురాతత్వవేత్త అక్కడ తవ్వించాడు.

తర్వాత కృష్ణకు ఆనకట్ట కట్టాలని నిశ్చయించారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. ఆనకట్ట పూర్తి అయితే లోయ నీటిపాలవుతుంది. అందువల్ల 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యాన లోయనంతా తవ్వి చూశారు. వందకు పైగా చోట్ల పూర్వపు నిర్మాణాలు బయటపడినవి. వాటిలో తొమ్మిదింటిని విడదీసి, కొండమీదకు చేర్చి, మళ్లీ కట్టారు. మరి పద్నాలుగింటికి నమూనాలు ఒడ్డున అనుపు అనేచోట నిర్మించారు. దొరికిన శిల్పాలకోసం కొండమీదనే మ్యూజియం కట్టారు. అది 1966లో తెరిచారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. ఇప్పుడు కొండ చుట్టూ నీళ్లే. చూసేవారికి అది దీవి. నిజానికి మనం నిలబడేది కొండకొప్పు మీద.

"అయితే మనం తినే అన్నం కోసం ఊరు మునిగింది," అన్నది పెద్దది. నేను యిన్ని మాటలలో చెప్పినదాన్ని అది ఒక్క మాటలో చెప్పేసింది.

విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాము. అందరికీ లైఫ్ జాకెట్లు యిచ్చారు. నడిమివాడు దాన్ని తొడుక్కుని తానే లాంచీ నడిపే వాడినన్నట్టు కూర్చున్నాడు. పాప మాత్రం యింజను చప్పుడుకు హాయిగా నిద్రపోయింది. దీవి చేరేసరికి దాని నిద్ర తీరింది. చెట్టునీడన కూర్చుని పాలు తాగింది. నడిమివాడికి మా యింటావిడ పెరుగన్నం పెట్టింది. కడుపు నిండిన తర్వాతనే మ్యూజియంలో అడుగుపెట్టాము.

బడి పిల్లలతో వచ్చినప్పుడు నేను ఏం చేసేవాణ్ణో తెలుసా? అందరినీ వరసలో నిలబెట్టి, మొదటి శిల్పం దగ్గర మొదలుపెట్టి, ఆఖరి శిల్పందాకా ఆగకుండా నడిపించేవాణ్ణి. ప్రతి పలకమీద వున్నదీ నోటు పుస్తకాలలో రాయించేవాణ్ణి. ఇంటికి వచ్చిన తర్వాత ఎవరికీ ఏమీ జ్ఞాపకం వుండేది కాదు.

ఈసారి లెక్క మార్చాను. "మనిషికి ఒకటే వస్తువు. ఎవరికి నచ్చింది వారు వెతుక్కోండి," అన్నాను.

నడిమివాడు మూడడుగుల మనిషి. మనకు ఎదురుగా కనిపించేవి వాడికి కనిపించవు. అద్దాల బీరువాల ముందు వాడికి చెక్క కనిపిస్తుంది, లేకపోతే పెద్దవాళ్ల మోకాళ్లు కనిపిస్తవి. అటువంటివాడు విసుక్కుంటే వాడి తప్పా? వాణ్ణి ఎత్తుకున్నాను. నాలుగు శిల్పాలు దాటిన తర్వాత ఒకచోట వాడు ఒక్కసారిగా ముందుకు వంగి, "కాళ్లు!" అని అరిచాడు.

అది బుద్ధపాదం. రాతి పలకమీద రెండు పాదాలు చెక్కి వున్నవి. అరికాళ్లలో చక్రాలు వున్నవి. పూర్వం శిల్పులు బుద్ధుడి రూపం చెక్కేవారు కారు. ఆయన వున్నాడని తెలియజేయడానికి పాదాలనో, ఖాళీ ఆసనాన్నో, బోధివృక్షాన్నో, చక్రాన్నో చెక్కేవారు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపడం తర్వాత వచ్చింది. నాగార్జునకొండలో రెండు పద్ధతులూ కనిపిస్తవి.

"ఎవలి కాళ్లు?" అన్నాడు వాడు.

"ఒక తాతవి."

"తాత ఏడికి పోయిండు?"

"నడుచుకుంటూ వెళ్లిపోయాడు. అడుగులు మిగిలినవి."

వాడు తన చెప్పు వూడబెరికి అరికాలు పైకెత్తి చూసుకున్నాడు. తన కాలిమీద చక్రం వున్నదేమోనని! ఆ తర్వాత వాడు మరే శిల్పాన్నీ చూడలేదు. చూడనక్కరలేదు కూడా.

వాడు ఆ పలకను ముట్టుకోబోయాడు. నేను ఆపి, "మనం ఇప్పుడు పెద్ద జమీందారులం. జమీందారులు చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తారు," అన్నాను. వాడికి అది ఆట అయింది. ఎందుకు ముట్టుకోరాదో మీకు చెబుతాను. మన చేతికి చెమట వుంటుంది. చెమటలో వుప్పు వున్నది. చర్మం మీద జిడ్డు వున్నది. ఒక్క చెయ్యి తగిలితే రాయికి ఏమీ కాదు. కాని రోజూ వందల చేతులు తగిలితే జిడ్డు రాతిలోకి ఇంకుతుంది, చెక్కడాలు అరిగిపోతవి. మీ వూరి పాతగుడి గడప రాయిని చూడండి, అడుగులు పడి పడి మధ్యన ఎలా నునుపెక్కి గుంటపడి వుంటుందో! ఇక్కడి శిల్పాలు ఎక్కువగా లేత ఆకుపచ్చ రంగు సున్నపురాతితో చెక్కినవి. సున్నపురాయి అంత గట్టిది కాదు. సన్నని చెక్కడానికి అదే మంచిది, చెడిపోవడానికి కూడా అదే సులువు.

ఇక చంటిపిల్ల. దానికి ఏం తెలుస్తుంది అంటారా? అప్పుడే పుట్టిన బిడ్డకు సుమారు జానెడు దూరం, మహా అయితే మూరెడులోపు దూరం మాత్రమే కొంచెం స్పష్టంగా కనిపిస్తుంది. తల్లి ఒడిలో వున్న బిడ్డకు తల్లి ముఖం సరిగా ఆ దూరంలోనే వుంటుంది! నెలలు గడిచినకొద్దీ చూపు సాగుతుంది. ఏడో నెలకు గదికి ఆ చివరన వున్నవి కూడా బాగానే చూస్తారు. అన్నిటికన్న పసిపిల్లలకు ముఖాలంటే యిష్టం.

అక్కడ నిలువెత్తు బుద్ధ విగ్రహం వున్నది. మనిషికన్న చాలా పొడుగు. మా అమ్మాయి పాపను భుజంమీద వేసుకుని దాని ముందు నిలబడ్డది. పాప తల ఎత్తి, నోరు తెరిచి, ఆ రాతి ముఖంవంక చాలాసేపు చూసింది. తర్వాత అమ్మ ముఖంవంక చూసింది. మళ్లీ పైకి చూసింది. అది ఏం పోల్చుకున్నదో నాకు తెలియదు. మా అమ్మాయి మాత్రం, "నాయినా, నేను గూడ ఇంతసేపు ఒక్కదాన్ని చూసి ఎన్నాళ్లయిందో," అన్నది.

అంతలో పాప ఏడుపు అందుకున్నది. గదులలో చప్పుడు గోడలకు తగిలి రెట్టింపై వినిపిస్తుంది. ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు. మా అమ్మాయి గాభరాపడి, "అందుకే నేను రానన్న," అన్నది. నేను పాపను అందుకుని బయటికి నడిచాను. "నువ్వు నిదానంగా చూసి రా. నేను నాగార్జునకొండను నూరుసార్లు చూశాను. నా మనవరాలు ఏడవడం మాత్రం ఈ ఒక్కరోజే చూడగలను," అన్నాను. గాలి తగిలేసరికి అది వూరుకున్నది. నీళ్లవంక చూసి నవ్వింది కూడా. పావుగంట తర్వాత అమ్మాయి వచ్చింది. ఆమె ముఖం విప్పారి వున్నది.

పెద్దది లోపల లోయ నమూనా దగ్గర నిలబడి వున్నది. మునిగిపోయిన చోట్లు ఎక్కడెక్కడ వుండేవో ఆ నమూనాలో చూపారు. అది తన నోటు పుస్తకంలో ఆ పటం గీసుకున్నది. తాను ఏరుకున్న వస్తువు అదేనట. బయటికి వచ్చి నా పక్కన మెట్లమీద కూర్చుని పటం చూపించింది. అప్పుడు ఆ లోయలో బయటపడిన హారీతి గుడి సంగతి దానికి చెప్పాను.

హారీతి ఒక యక్షిణి. ఆమెకు ఎంతోమంది పిల్లలు. అయినా ఇతరుల పిల్లలను ఎత్తుకుపోయేది. తల్లులు వెళ్లి బుద్ధుడితో మొరపెట్టుకున్నారు. బుద్ధుడు ఆమె పిల్లలలో అందరికన్న చిన్నవాణ్ణి దాచివేశాడు. హారీతి లోకమంతా వెతికి, దొరకక, ఏడుస్తూ బుద్ధుడి దగ్గరికి వచ్చింది. "ఇంతమందిలో ఒక్కడు కనపడకపోతేనే నీకు ఇంత దుఃఖమైతే, ఒక్కడే బిడ్డ వున్న తల్లికి ఎంత దుఃఖం?" అన్నాడాయన. ఆమెకు కనువిప్పు కలిగింది. ఆనాటినుంచి ఆమె పసిపిల్లలను కాపాడే తల్లి అయింది. విజయపురిలో, చుట్టూ మెట్లున్న రంగస్థలానికి ఎగువన, ఆమెకు గుడి వుండేది.

పెద్దది అంతా విన్నది. కొంచెంసేపు ఆలోచించి అడిగింది:

"తాతా! ఆ గుడికి వచ్చే అమ్మలు చంటిపిల్లల్ని ఇంట్ల పెట్టి వచ్చేటోళ్లా?"

"లేదమ్మా, ఎత్తుకునే వచ్చివుంటారు."

"మరి నువ్వు ఆ అక్కను ఎందుకు రానియ్యలే?"

పిల్లలూ! నేను ముప్ఫయి యేళ్లకు పైగా ప్రశ్నలు అడిగి బతికినవాణ్ణి. ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను. పసిపిల్లలకు చోటు లేదని నేను చెప్పిన చోటనే, పదిహేడు వందల యేళ్ల కిందట పసిపిల్లల తల్లికి గుడి కట్టి పెట్టారు. ఆ రోజు నేను ఆపింది ఆ తమ్ముణ్ణి అనుకున్నాను. ఆపింది అక్కను. వాడు ఆమె చంకలో వున్నంతకాలం వాడికి మూసిన తలుపు ఆమెకూ మూసినట్టే.

ఆ బస్సులో మేము ఎనిమిదిమందిమి పెద్దవాళ్లం వున్నాము. ఆ పిల్లవాణ్ణి తలా కాసేపు ఎత్తుకుంటే సరిపోయేది. ఆ మాట నాకు తోచనే లేదు.

మీలో తమ్ముణ్ణో, చెల్లెల్నో ఎత్తుకుని తిరిగేవారు చాలామంది వుంటారు. మ్యూజియానికి వెళ్లేటప్పుడు వాళ్లను వదిలిపోకండి. ఇవి మాత్రం గుర్తుంచుకోండి.

పసివాళ్ల నిద్రా, తిండీ అయిన తర్వాతనే లోపలికి వెళ్లాలి. అన్నీ చూడాలనుకోకూడదు. చిన్నవాళ్లకు ఒక్క వస్తువు చాలు. దాన్ని వాళ్ల కంటికి ఎదురుగా వచ్చేట్టు ఎత్తి చూపాలి. పెద్దవాళ్లు వంతులు వేసుకుని ఒకరు పసివాళ్లను చూస్తే మరొకరు శిల్పాలు చూడాలి. అమ్మకు కూడా ఒక వంతు రావాలి, అది మరిచిపోకండి. ఏడిస్తే కోప్పడక బయటికి తీసుకురావాలి. నాగార్జునకొండకు వెళ్లేవారు ఆ రోజు లాంచీ నడుస్తున్నదో లేదో ముందే విచారించుకుని బయలుదేరాలి.

హైదరాబాదు వెళ్లేవారు సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారాన్ని చూడండి. గంట కొట్టే వేళకు అందులోనుంచి ఒక చిన్న గడ్డం మనిషి బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతాడు. రెండేళ్లవాడికి ఆ ఒక్కటి చాలు. పన్నెండు గంటలకు వెళితే పన్నెండు దెబ్బలూ లెక్కపెట్టవచ్చు. అమెరికాలో బ్రూక్లిన్ అనేచోట 1899లోనే పిల్లలకోసం ప్రత్యేకంగా ఒక మ్యూజియం పెట్టారు. పిల్లల కోసమని పెట్టిన మ్యూజియాలలో ప్రపంచంలో అదే మొదటిది. అక్కడ పిల్లలు వస్తువులను ముట్టుకుని చూడవచ్చు. అటువంటివి మన జిల్లాలలో కూడా రావాలి. వచ్చేదాకా మన చంకలే వాళ్లకు ఎత్తుపీటలు.

తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ ఒక మనవి. ఈసారి విహారయాత్రకు బస్సు కదిలేటప్పుడు ఎవరైనా పిల్ల చంకలో చంటివాడితో వచ్చి నిలబడితే, "వదిలి రా" అనకండి. "ఇలా తే, కాసేపు నేను ఎత్తుకుంటాను," అనండి.

ఇంటికి వచ్చినప్పటినుంచి మా నడిమివాడు తడిమట్టిలో అడుగులు వేసి, వేలితో వాటి మధ్య సున్న చుట్టి, "తాత పోయిండు" అని అందరికీ చూపుతున్నాడు. మీరు కూడా మీ తమ్ముళ్లచేత, చెల్లెళ్లచేత తడిమట్టిలో అడుగు వేయించండి. ఆరిన తర్వాత తీసి దాచండి, కిందన తారీకు రాయండి. మీ యింటి మ్యూజియంలో అదే మొదటి వస్తువు.

వచ్చే నెల మళ్లీ కలుసుకుందాం.